నేనే అతికించిన అద్దం

బస్సులకీ వ్యాన్లకీ లోపలి పని చేసే వృత్తిలో ముప్పై నాలుగేళ్లున్నాను. సీట్లు, సీలింగు, కిటికీలు, అరలు, అద్దాలు. బండి బయట బాగుంటే జనం రంగు వేసినవాణ్ణి మెచ్చుకుంటారు. లోపల మోకాలికి ఏదైనా కొట్టుకుంటే మమ్మల్ని తలుచుకుంటారు. ఈ వృత్తిలో దక్కే గుర్తింపు చాలావరకు ఆ రెండో రకానిదే.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీ అనుభవం చెప్పండి సార్" అంటుంటారు. అనుభవమంటే చేసిన తప్పుల్లో గుర్తున్నవి. గుర్తు లేనివి ఇంకా ఎక్కడో రోడ్ల మీద తిరుగుతూ ఉండాలి. గుర్తున్నవాటిలో ఒకదాన్ని మాత్రం ఇక్కడ పూర్తిగా చెబుతాను. మిగతావన్నీ దాని తమ్ముళ్లే.

మస్తాన్ మేస్త్రి

మా నాన్నగారికి ఏలూరులో పటాలు కట్టే కొట్టుండేది. గాజు కోయడం, అద్దం ఎత్తడం నాకు అక్షరాలతో పాటే వచ్చాయి. అయినా ఆయన నన్ను బీయస్సీ కెమిస్ట్రీ చదివించారు. డిగ్రీ అయ్యాక నాకు ఉద్యోగం రాలేదనడం కన్నా, నేను చదివిన సంగతి ఉద్యోగాలకి తెలియలేదనడం న్యాయం. చివరికి తాడేపల్లిగూడెంలో బస్సు బాడీలు కట్టే ఒక షెడ్డులో చేరాను. పొద్దున్నే ఏలూరులో పాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే పాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం. నా జీవితంలో ఎక్కువ భాగం రైలు కోసం ఎదురుచూడ్డంలో గడిచింది. అదీ ఒక శిక్షణే. పని చేయించుకునేవాళ్లు చెప్పే టైముని నమ్మకుండా ఉండడం అక్కడే నేర్చుకున్నాను.

షెడ్డులో లోపలి పనికి పెద్ద మస్తాన్ మేస్త్రి. మాకు దూరపు చుట్టం కూడా. ఆ చుట్టరికం వల్ల నాకు ఒనగూడిన సౌకర్యం ఒక్కటే: మిగతావాళ్లని తిట్టే ముందు నన్ను తిట్టేవారు. కొలతలు కాగితం మీద రాసేవారు కాదు. పెన్నుతో ఎడమ అరచేతి మీద రాసుకునేవారు. మధ్యాహ్నం భోజనానికి రెండు చేతులూ కడుక్కున్నారంటే బండి మొత్తం మళ్లీ కొలవాల్సిందే. ఈ సంగతి దాచిపెట్టి ఆయన్ని మహానుభావుణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆయన రోజుకొకసారైనా అనే మాట ఒకటుండేది. "ఏరా జిలానీ, అతికించేటప్పుడు ఊడదీసేవాణ్ణి తలుచుకోవాలిరా."

చదువు లేని మనిషి భయమనుకునేవాణ్ణి నేను. అతికించడమెందుకు, ఊడకుండా ఉండడానికి కాదా? ఇంత చిన్న లాజిక్కు ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకి ఎలా తట్టలేదో అని జాలి కూడా పడ్డాను. జాలిపడ్డవాడికి ఆ జాలి తిరిగి తనకే అవసరం పడుతుందని కెమిస్ట్రీలో చెప్పలేదు.

ఐదు ట్యూబులు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పెద్దమనిషి ఊరూరా తిరగడానికి బండి కట్టమన్నారు. పడుకోవడానికి మంచం, నలుగురు కూర్చునే సోఫాలు, వెనక మూల బాత్రూం. ఇప్పుడు అలాంటివాటిని మోటార్ హోం అంటున్నారు, క్యారవాన్ అంటున్నారు. మా షెడ్డులో దాని పేరు బాత్రూం బండి. బాత్రూమంటే కమోడ్, చేతులు కడుక్కునే తొట్టి, మధ్యలో ఒక మనిషి. ఆ మనిషి లావైతే తలుపు బయటినుంచి వేయాలి.

అయ్యగారు ఆరడుగుల మనిషి. బండి దిగే ముందు అద్దంలో చూసుకుని కండువా సర్దుకోవడం ఆయనకి అలవాటు. అందుకని కమోడ్‌కి కుడిపక్క గోడ మీద ఆయన ఎత్తుకి అద్దం పెట్టమన్నారు. ఆయన మనిషి వచ్చి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. "కొల్లేరు గట్ల మీద తిరిగే బండండి. ఆ గోతుల్లో అద్దం ఊడి అయ్యగారి మీద పడిందంటే మాత్రం బాగోదండి."

మేస్త్రి గారు అద్దం కింద సన్నటి చెక్క పట్టీ కొట్టి, వెనక ఐదు చుక్కల బంక చాలన్నారు.

నేను వినలేదు. ఎంత మేర అంటుకుంటే అంత బలం, ఇది సైన్సు అన్నాను. బస్సు ముందద్దానికి వాడే నల్లటి బంక ట్యూబులు ఐదు తెచ్చి, అద్దం వెనక గోరంత జాగా కూడా వదలకుండా దోసెకి వెన్న రాసినట్టు రాసి గోడకి నొక్కాను. మర్నాడు ఆరాక మేస్త్రి గారిని పిలిచి లాగి చూడమన్నాను కూడా. ఆ వయసులో మనిషికి ఉండే గుణం అది. తప్పు చేయడంతో సరిపెట్టుకోడు, సాక్షిని పిలుచుకుంటాడు.

ఆయన అంచు పట్టుకుని ఒకసారి లాగి చూశారు. తర్వాత నా భుజం మీద చెయ్యేశారు.

"గట్టిగానే ఉందిరా. దేవుడు నీకు నిండు ఆయుష్షివ్వాలి. దీన్ని ఊడదీసే రోజున నువ్వే ఉండాలి."

నేను దాన్ని దీవెన అనుకున్నాను. ఆమీన్ అని కూడా అన్నాను.

బండి మళ్లీ వచ్చింది

ఆరేళ్ల తర్వాత అదే బండి చేతులు మారి మా షెడ్డుకొచ్చింది. కొన్నది గణపవరం దగ్గర చేపల చెరువుల రైతు వెంకట్రాజు గారు. ప్రభుత్వం కొల్లేరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టాక ఆయనకి మిగిలినవి సొంత పొలంలో తవ్విన రెండు చెరువులు, బోలెడు తీరిక. ఆ తీరికలో ఎక్కువ భాగం ఆయన నా వెనక నిలబడి గడిపారు.

బండి కొన్నది విలాసానికి కాదు. ఆయన తల్లి సుభద్రాయమ్మ గారికి మోకాళ్లు పనిచేయవు. కింద కూర్చోలేరు, కమోడ్ మీద కూర్చున్నా దేన్నైనా పట్టుకోకపోతే లేవలేరు. దారిలో బాత్రూంకి వెళ్లే వీల్లేక నాలుగేళ్లుగా గణపవరం దాటలేదు. ఆవిడ చెల్లెలు పక్క రాష్ట్రంలో, సింధనూరు వైపు క్యాంపులో ఉంటుంది. మన డెల్టా రైతులు ఒకప్పుడు అటు వెళ్లి పొలాలు కొని కట్టుకున్న పల్లెల్ని క్యాంపులనే అంటారు. ఆ చెల్లెలికి షుగరు వల్ల చూపు పోతోంది. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారట డాక్టరు. చూపున్నప్పుడే అక్కని ఒక్కసారి చూడాలని రోజూ ఫోను.

వెంకట్రాజు గారు ఇదంతా చెప్పి, "మరి శుక్రవారం బయల్దేరాలండి" అన్నారు. ఆ రోజు సోమవారం.

నేను బాత్రూం చూసి వచ్చాను. ఆవిడ పట్టుకుని లేవడానికి కూర్చున్న ఎత్తు నుంచి నిలబడ్డ ఎత్తు దాకా ఒక నిలువు పైపు బిగించాలి. మనిషి బరువంతా పడే పైపు కాబట్టి ప్లైవుడ్‌కి బిగిస్తే ఊడి వస్తుంది, దాని వెనక నిలువు స్తంభంలా ఉన్న ఇనప నిట్టాడికే బిగించాలి. ఆ నిట్టాడి ఎక్కడుందో నాకు బాగా తెలుసు. అద్దం వెనక.

"అద్దం తీయాలండి" అన్నాను.

"తీసేయండి."

"పగలొచ్చండి."

వెంకట్రాజు గారి మొహం మారిపోయింది. గొంతు తగ్గించి, షెడ్డులో మేమిద్దరమే ఉన్నా అటూ ఇటూ చూసి అన్నారు. "జిలానీ గారూ, అది మాత్రం కూడదండి. అమ్మకి అద్దం పగలడం మహా పట్టింపండి. ప్రయాణం ముందు అద్దం పగిలిందని తెలిసిందంటే బండెక్కదండి. ఆవిడ ఎక్కకపోతే ఇంకీ బండెందుకండి?"

మరి ఇంకెవరితోనైనా చేయించుకోండని అనొచ్చు. ఆయనే ఆ దారి మూసేశారు. "మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చామండి. అప్పుడు అతికించింది మీరేనట కదండీ. అతికించినవాళ్లకి తీయడమెంతసేపండి!"

కమోడ్ మీద మూడు రోజులు

గోడకి అంటించిన అద్దాన్ని తీసే పద్ధతి ఒకటుంది, అందరికీ తెలిసిందే. టేపు అడ్డదిడ్డంగా అతికించి, గోనెసంచి కప్పి, సుత్తితో ఒక్కటివ్వడం. తర్వాత ముక్కలు ఊడ్చుకోవడం. అరగంట పని. పగలకూడదనగానే అది అద్దం పని కాదు, ఆపరేషను.

టేపు మాత్రం అతికించాను. బాత్రూంలో నిలబడి పని చేయడానికి చోటు లేదు గనక కమోడ్ మూత వేసి, దాని మీద ఎత్తు పీట వేసుకుని, అద్దం వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మూడు రోజులూ అదే నా ఆఫీసు. పని చేయించుకునేవాడు ఎదురుగా నిలబడి చూడడం మాకు కొత్త కాదు. పని చెడగొట్టినవాడు ఎదురుగా ఉండి మూడు రోజులు కన్నార్పకుండా చూడడం అదే మొదటిసారి. నేను పళ్లు కొరికితే వాడూ కొరికాడు. కనీసం సాయం చేయలేదు.

మొదటి రోజు సన్నటి కత్తి దూర్చబోతే అంచులో గోరు పట్టే సందు కూడా లేదు. అంత శుభ్రంగా చేశాను మరి. వేడిగాలి గన్ను పెడితే బంక మెత్తబడే లోపు అద్దం చిటుక్కుమంది. చెవి పెట్టి విన్నాను, ఇంకా పగల్లేదు. గన్ను పక్కన పడేశాను. కెమిస్ట్రీ గుర్తుకొచ్చి థిన్నర్ పోశాను. గోడ మీది రంగు దిగిపోయింది. బంక చెక్కు చెదరలేదు. ఐదు ట్యూబుల బంకలో ఒక్క చుక్కైనా నాకు విశ్వాసం చూపలేదు.

పది నిమిషాలకొకసారి తలుపు దగ్గర వెంకట్రాజు గారు.

"ఏవండీ, అయిందాండీ?"

"లేదండి."

"పర్లేదండి. నిదానంగా కానివ్వండి." రెండు నిమిషాలాగి, "శుక్రవారం పొద్దున్నే ఏడింటికండి బయల్దేరడం."

గోదావరి జిల్లాల మర్యాద గురించి చాలామంది గొప్పగా చెబుతారు. ఆ మర్యాదకి ఎదురుగా ఎప్పుడైనా కమోడ్ మీద కూర్చుని చూడమనండి.

రెండో రోజు వాళ్ల డ్రైవరు ఏసుబాబు గేలం దారం చుట్ట పట్టుకొచ్చాడు. కొల్లేటి ఊరు అతనిది. ఎక్కడ ఏం ఇరుక్కున్నా, పంటి సందులో గింజ నుంచి బురదలో ట్రాక్టరు దాకా, వాళ్ల దగ్గర దానికి మందు గేలం దారమే.

"పది కేజీల బొచ్చె చేపని లాగిందండి ఇది" అన్నాడు.

పై మూలలో ఎలాగో గోకి చిన్న సందు చేసి, దారం దూర్చి, అటొకరు ఇటొకరు పట్టుకుని రంపంలా లాగాం. ఆశ్చర్యంగా నాలుగు వేళ్ల మేర కోసుకుంటూ పోయింది. తర్వాత రాపిడికి వేడెక్కి దారమే కరిగి తెగిపోయింది. మళ్లీ దూర్చాం, మళ్లీ తెగింది. మధ్యాహ్నానికి చుట్ట అయిపోయింది.

ఏసుబాబు చెమట తుడుచుకుంటూ అద్దం వంక చూశాడు. "చేపైతే ఈపాటికి అలిసిపోయేదండి."

ఆ సాయంత్రం అహం చంపుకుని మస్తాన్ మేస్త్రి గారికి ఫోను చేశాను. అప్పటికి ఆయన పని మానేసి ఏలూరులో ఇంటిపట్టునే ఉంటున్నారు. సంగతంతా చెప్పాను.

"ఎన్ని ట్యూబులు పెట్టావురా అప్పట్లో?"

"ఐదండి."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"ఫోను బిల్లు నీదే కదా?"

"అవునండి."

"అయితే ఆగు, కొంచెంసేపు నవ్వుకుంటాను."

నిజంగానే నవ్వుకున్నారు. దగ్గొచ్చేదాకా నవ్వి, మంచినీళ్లు తాగి వచ్చి, అప్పుడు చెప్పారు. నేను చెప్పలేదా అన్న మాట మాత్రం అనలేదు. మంచి పెద్దకి, మామూలు పెద్దకి తేడా అక్కడే తెలుస్తుంది. "దారం పనికిరాదురా. క్లచ్ వైరు విప్పి అందులో ఒక్క పోగు తీయి. రెండు కొసలకీ చెక్కముక్కలు కట్టుకో. పోగు కోసిన చోట బంక మళ్లీ కరుచుకుంటుంది, అందుకని కోసిన మేర పేకముక్క దూర్చుకుంటూ పో. చెక్క దూరిస్తే అద్దం పగులుద్ది. పేకముక్కైతే పగలదు."

మూడో రోజు, అంటే బుధవారం, పొద్దున్నే ఏసుబాబుని పేక ఉందా అని అడిగాను. నేను ఆడనండి అన్నాడు. విషయం చెప్పాక సీటు కిందనించి తీసి ఇచ్చాడు. వైరు పోగు పది లాగులకొకటి తెగేది. వేళ్లు కోసుకుపోయాయి. కానీ అద్దం వెనక ఒక్కొక్క ముక్కే దిగడం మొదలైంది. ఇస్పేటు, ఆటీను, కళావరు. ముందు అంకెల ముక్కలిచ్చి, మరీ తప్పనప్పుడే బొమ్మ ముక్కలు ఇచ్చాడు ఏసుబాబు. మూడింటికి చేతిలో జోకరు ఒక్కటే మిగిలింది. అదీ దూర్చాక కింద అంచున చప్‌మని సన్నటి చప్పుడైంది.

అద్దం నా రెండు చేతుల్లోకి వచ్చింది. ఒక్క గీత లేదు. అందులో నా మొహం ఈసారి కాస్త మనిషి మొహంలా కనిపించింది.

వెంకట్రాజు గారు కళ్లొత్తుకున్నారు. ఏసుబాబు మాత్రం గోడకి కరుచుకున్న పేకముక్కల్ని చూస్తూ ఉండిపోయాడు. అవి మళ్లీ ఆటకి పనికిరావు.

పెద్దావిడ

ముప్పై నాలుగేళ్లలో నేను గెలిచానని అనుకున్న రోజులు తక్కువ. ఆ రోజు గెలుపు సుమారు గంటంపావు ఉంది.

సుభద్రాయమ్మ గారిని కోడలుగారు తాడేపల్లిగూడెంలో డాక్టరుకి చూపించి, కారులో ఇంటికి తీసుకెళ్తూ దారిలో షెడ్డు దగ్గర ఆపారు. పెద్దావిడే బండి చూస్తానన్నారట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తి బండిలోకి చేర్చాం. చిన్న మనిషి, గట్టి గొంతు. బాత్రూం తలుపు దగ్గర కుర్చీ దింపించుకుని లోపల అంతా ఒకసారి పరికించారు. థిన్నర్‌కి రంగు పోయిన గోడ, నల్లటి బంక, దాంట్లో బొమ్మ ముక్కలు.

"ఇదేంటి నాయనా, ఇక్కడ పేకాడారా?"

"లేదండి. అద్దం తీశామండి. మూడు రోజులు పట్టిందండి."

"ఎందుకు తీశారు?"

"మీరు పట్టుకుని లేవడానికి ఈ పక్క పైపు పెడతామండి."

ఆవిడ నన్ను, కొడుకుని మార్చి మార్చి చూశారు. తర్వాత కుడిచెయ్యి ఎత్తారు. అది భుజం దాకా కూడా రాకుండా గాల్లో ఆగిపోయింది.

"ఈ చెయ్యి లేవక రెండేళ్లయింది. జడ కూడా ఎడం చేత్తోనే దువ్వుకుంటన్నాను. కుడిపక్క పైపెడితే నేను దేంతో పట్టుకోవాలయ్యా, పళ్లతోనా?"

నేను ఎడమపక్కకి చూశాను. ఎడమపక్క గోడ తలుపు ఉన్న గోడ. తలుపు చట్రం పొడుగునా ఇనప నిట్టాడి ఉంది. దాని మీద అద్దం లేదు, బంక లేదు. సోమవారం పొద్దున వచ్చి నాలుగు బోల్టులు బిగిస్తే టీ టైముకి పనైపోయేది.

"అమ్మా, మరి ముందే చెప్పొచ్చు కదా" అన్నారు వెంకట్రాజు గారు, వినీ వినపడనట్టు.

"మీరు అడిగితే కదరా చెప్పడానికి!"

అదీ నిజమే. ఎవరూ అడగలేదు. పెద్దావిడని పట్టుకుని, అమ్మా మీరు కమోడ్ మీంచి ఏ చేత్తో లేస్తారు అని అడగడం మర్యాద కాదని కొడుకు అడగలేదు. పరాయి ఆడమనిషి, అందులోనూ పెద్దావిడ, నేనెలా అడుగుతానని నేను అడగలేదు. ఆవిడ బాత్రూం గురించి ముగ్గురు మగాళ్లం మూడు రోజులు ఆవిడకి తెలియకుండా చర్చించుకున్నాం. గౌరవం అంటే అదేననుకున్నాం.

వెంకట్రాజు గారు పరువు కొంతైనా దక్కించుకుందామని, "అద్దం మాత్రం పగలకుండా తీయించానమ్మా" అన్నారు. "నీకు పట్టింపని."

"నాకేం పట్టింపు?"

"అద్దం పగిలితే అరిష్టమని కదా నువ్వనేది."

"నేనెప్పుడన్నాన్రా?"

"చిన్నప్పుడు నేను చేతద్దం పగలగొడితే వీపు చిట్లగొట్టావు!"

"మా నాన్న బెజవాడ నుంచి తెచ్చిన అద్దం అది. పగలగొట్టావని కొట్టాను. అరిష్టమని ఎవరన్నారు? నువ్వప్పుడు ఇల్లంతా ఏడుస్తూ తిరుగుతుంటే మీ నానమ్మ ఏదో అనుంటుంది."

మూడు రోజుల నా వేళ్ల నెత్తురికి కారణం ముప్పై ఏళ్ల కిందట ఒక పిల్లాడి వీపు మీద పడ్డ దెబ్బ అని తేలింది. నేను బండి దిగి ఒక రౌండు తిరిగి వచ్చాను. మన వృత్తిలో ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ల ముందు అనేవి ఒక్కటీ లేవు.

తిరిగొచ్చి, వృత్తిలో చేరిన ఇరవయ్యేళ్లకి, మొట్టమొదటిసారి అడగాల్సిన మనిషిని అడగాల్సిన మాట అడిగాను. "అమ్మగారూ, ఒకసారి కూర్చుని లేచి చూపిస్తారాండి? మేమందరం బయటుంటాం. తోడుగా కోడలుగారు ఉంటారు. చెయ్యి ఎక్కడ ఆనితే సుఖంగా ఉందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి."

ఐదు నిమిషాల తర్వాత ఎడమ గోడ మీద రెండు గీతలున్నాయి. నేను మనసులో వేసుకున్న ఎత్తుకి అవి జానెడు కింద ఉన్నాయి. అంటే ఆ పక్కనే పెట్టి ఉన్నా నేను తప్పే పెట్టేవాణ్ణి. నలభై నిమిషాల్లో పైపు బిగించాం. ఆవిడ మళ్లీ లోపలికెళ్లారు. తలుపవతల కమోడ్ మూత చప్పుడు, ఒక మూలుగు, తర్వాత నిలబడ్డ మనిషి గొంతు వినిపించింది.

"ఒరేయ్, లేచాన్రా!"

ఆ మాట కోసమే నాలుగేళ్ల నుంచి గణపవరంలో ఒక కుటుంబం కాచుకుని ఉంది.

నాలుగు చుక్కలు

దిగబోతూ సుభద్రాయమ్మ గారు గోడకి ఆనించిన అద్దం దగ్గర ఆగారు. "దీన్ని ఏం చేస్తారు?"

"మళ్లీ అక్కడే పెట్టేస్తామండి."

"అంత పైన నాకెందుకు? కూర్చుంటే నా పాపిడైనా కనపడదు. కిందకి పెట్టు. బండి దిగే ముందు తల దువ్వుకోవాలి." ఎడం చేత్తో జుట్టు సర్దుకుంటూ అన్నారు. "మా చెల్లెలు చూసే నా ఆఖరి మొహం ఇదేనేమో. చింపిరి జుట్టుతో దిగమంటావా?"

నేను అద్దం ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ కూర్చుని, "ఇంకొంచెం కిందకి. ఇంకొంచెం. అదిగో అక్కడ" అన్నారు. పాత బంక గీకి, పేకముక్కలు ఒలిచి, కింద చెక్క పట్టీ కొట్టి, వెనక మెత్తటి సిలికాన్ నాలుగు చుక్కలు పెట్టాను. మస్తాన్ మేస్త్రి గారి లెక్క కన్నా ఒకటి తక్కువ. ఆయన మీద నాకు మిగిలిన పౌరుషం అంతే.

శుక్రవారం ఏడింటికి బండి కదిలిందనుకున్నాను. తొమ్మిదింటికి కదిలిందని తర్వాత తెలిసింది. అది వేరే విషయం.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పదలుచుకున్నది ఇక్కడితో దాదాపు అయిపోయింది. బంకలు ఇప్పుడు ఇంకా గట్టివి వస్తున్నాయి. ఏనుగు లాగినా ఊడదని డబ్బా మీద రాస్తున్నారు. ఏనుగు లాగదు నాయనా, నువ్వే లాగాలి. ఇనప నిట్టాడి మీదుగా ఏదైనా శాశ్వతంగా కప్పేస్తున్నప్పుడు, రేపు దాని అవసరం పడేవాళ్లెవరో ఒకసారి తలుచుకో. కొలత టేపుతో గోడలు కొలువు. మనుషుల్ని మాత్రం అడుగు. అడగడానికి సిగ్గుగా ఉంటే ఆ పని ఒప్పుకోవద్దు.

నెల తర్వాత బండి సర్వీసుకి వచ్చింది. బాత్రూంలోకి తొంగి చూస్తే పైపు ఉన్నచోటే ఉంది, మెరుస్తోంది. అద్దం లేదు. గోడ మీద చెక్క పట్టీ, పైన నాలుగు చుక్కలు.

నేను బయటికి తల పెట్టాను. "ఏసుబాబూ, పగిలిందా?"

"లేదండి." అతను తల గోక్కున్నాడు, నా మొహం చూడలేదు. "అక్కడ చిన్నమ్మగారు మంచం మీదే ఉన్నారండి. అక్కాచెల్లెళ్లు ముందు చాలాసేపు ఏడ్చారండి. తర్వాత అమ్మగారు బండిలో అద్దం పట్రమ్మన్నారండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అందులో చూసుకున్నారండి. చిన్నమ్మగారు మొహం దగ్గరికంటా పెట్టుకుని, ఇందులో నువ్వెవరే, నేనెవరే అంటే ఇద్దరూ ఒకటే నవ్వండి. ఇంక అమ్మగారు అది అక్కడే ఉంచేయమన్నారండి."

"మరి తీసిందెవరు? ఎలా తీశారు?"

అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. ఎంతైనా నా పనిని నా మొహం మీదే తప్పుపట్టాలి, పైగా అతను మర్యాదస్తుడు.

"ఏమనుకోకండి సార్. ఈసారి మీ పని అంత గట్టిగా రాలేదండి. అరచెయ్యి అద్దం వెనక్కి పెట్టి ఇలా అన్నానో లేదో, వచ్చేసిందండి."

ముప్పై నాలుగేళ్లలో నాకు వచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే. మేస్త్రి గారికి చెబుదామని ఆ సాయంత్రమే ఫోను చేశాను, బిల్లు నాదే.